అటక లేని ఇల్లు

సంతకం పెట్టాల్సిన శుక్రవారం పొద్దున్నే ఆల్మెటా నార్సిస్ కొత్త ఇంటి మెట్లు ఎక్కింది. ఎక్కడానికి పద్నాలుగు మెట్లు. ఇల్లు మనిషికంటే ఎత్తైన స్తంభాల మీద నిలబడి ఉంది. గదులన్నీ తిరిగి చూసింది, వంటింట్లో పంపు తిప్పి చూసింది, కిటికీ రెక్కలు వేసి తీసింది. చివరికి నడిమింట్లో నిలబడి మెడ పైకెత్తి, "అటక ఏది?" అని అడిగింది.

ఇళ్లు కట్టించే సంస్థ తరఫున వచ్చిన వెండెల్ ముఖం వెలిగింది. నలభై ఏళ్లవాడు, చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు పెన్నులుంటాయి. ఇంటి ప్లాను గీసినవాడు అతనే కాబట్టి దాని గురించి ఎవరేమడిగినా సంబరమే.

"అటక అక్కర్లేదమ్మా ఇందులో. కప్పు ఏటవాలుగా నేరుగా గది మీదకే దిగుతుంది. వేడి పట్టదు, గాలికి లేవదు."

"గాలి సంగతి నేనడగలేదు బాబూ. అటక ఉందా, లేదా?"

"లేదండీ."

"అయితే నేను సంతకం పెట్టను."

పక్కనే ఉన్న కూతురు రొషెల్ కళ్లు మూసుకుంది. హ్యూస్టన్ నుంచి చీకటితో బయల్దేరి, ఆరు గంటలు కారు నడిపి తల్లిని తీసుకొచ్చింది. ఆ సాయంత్రంలోగా సంతకం పడకపోతే ఇల్లు జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. ఇప్పటికే రెండుసార్లు గడువు పొడిగించారు. మూడోసారి పొడిగించేది లేదని ఉత్తరంలోనే రాశారు.

న్యూ ఆర్లియన్స్‌లో కాలువకు అవతలి వైపున్న ఆ వీధిలోనే ఆల్మెటా పుట్టింది, అక్కడే పెళ్లాడింది, అక్కడే రొషెల్‌ని కన్నది. బడిపిల్లలకు వంటచేసే పనిలో ముప్పై ఒక్క ఏళ్లు ఉంది. సోమవారం ఎర్ర చిక్కుడు గింజల కూర, అన్నం. శుక్రవారం చేప. నాలుగు వందల మంది పిల్లలకు గరిటె తిప్పిన చెయ్యి అది, డెబ్భై ఏళ్లొచ్చినా వణుకు లేదు. కత్రినా తుఫాను తర్వాత పదేళ్లుగా కూతురింట్లో ఉంటోంది. హ్యూస్టన్‌లో ఆమెకు లోటేమీ లేదు, ఊరే లేదు. పొరుగింటావిడ పేరు తెలుసుకోవడానికి ఏడాది పట్టిందంటే ఆల్మెటాలాంటి మనిషికి అది ఎలాంటి చోటో చెప్పనక్కర్లేదు. తన ఊళ్లో పోవాలన్నది తప్ప ఆ పదేళ్లలో ఆమె నోటివెంట మరో కోరిక రాలేదు. అలాంటి మనిషి ఇప్పుడు అటక లేదని ఇల్లొద్దంటోంది.

ఆమె పాత ఇంటి స్థలం ఈ కొత్త ఇంటికి ఆనుకునే ఉంది. ఆ స్థలం కాగితాలు తాతగారి పేరు మీదే ఉండిపోయి, మనవలు, మునిమనవలు పది ఊళ్లలో చెల్లాచెదురై, కోర్టులో ఇంకా నలుగుతున్నాయి. అందుకే పక్క స్థలంలో కట్టిన ఇల్లు ఇస్తున్నారు. పాత ఇంటిలో మిగిలినవి వాకిలి ముందరి మూడు సిమెంటు మెట్లు. గడ్డిలో అవి మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని యులిస్ కూర్చున్నాడు. రేవులో ఆల్మెటా భర్త హర్లిన్‌తో కలిసి బస్తాలు మోసిన మనిషి, వీధిలోకి అందరికంటే ముందు తిరిగొచ్చినవాడు. రెండేళ్లపాటు ఆ వీధి మొత్తానికి అతని ఇంట్లో ఒక్క దీపమే వెలిగేది.

"ఏం వదినా, పావురాల గూడు నచ్చిందా?" అని కిందనుంచి కేకేశాడు.

"నువ్వు నోరు మూసుకుంటే నచ్చుతుంది," అంది ఆల్మెటా కిటికీలోంచి.

వెండెల్‌ కిందకి, స్తంభాల వైపు చెయ్యి చూపించాడు. "అమ్మా, స్తంభాలెందుకు పెట్టామనుకున్నారు? నీళ్లు ఇంత ఎత్తుకు రావు. కొత్త గోడ కూడా కట్టారు కదా కాలువకు."

"బెట్సీ తర్వాత కూడా ఇలాగే చెప్పారు బాబూ. అప్పటికి నువ్వింకా పుట్టి ఉండవు."

ఆ మాట ఆ వీధిలో ఎవరన్నా ఎదురు చెప్పడానికుండదు. బెట్సీ తుఫాను వచ్చినప్పుడు ఆల్మెటాకు ఇరవై ఏళ్లు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చి, నడుము దాకా వచ్చి, అందరూ అటకెక్కాక అక్కడికీ వచ్చాయి. తండ్రి గొడ్డలితో కప్పు నరికాడు. ఆరుగురు ఆ కంతలోంచి బయటపడి, కప్పు మీద కూర్చుని పడవకోసం ఎదురుచూశారు. గొడ్డలి లేని ఇళ్లలో ఏమైందో వీధికంతా తెలుసు. ఆ తర్వాత ఇంటింటా అటక మీద ఒక గొడ్డలి వేలాడేది. దాన్ని కట్టెలకు వాడకూడదు, అరువివ్వకూడదు. రెండేళ్లకు ఆల్మెటా పెళ్లయినప్పుడు తండ్రి అల్లుడికి ఇచ్చింది కొత్త గొడ్డలే. హర్లిన్ దాని పిడి మీద పెళ్లి తేదీ చెక్కి, అటకలో రెండు మేకులు కొట్టి తగిలించాడు. ముప్పై ఎనిమిదేళ్లు అది అక్కడే ఉంది.

"పోనీ, మీకు కావలసింది పైకి వెళ్లే దారే కదా?" అన్నాడు వెండెల్. అతనిలో ఒక మంచిగుణం ఉంది, ఎదుటి మనిషి భయాన్ని చూసి నవ్వడు. మూల గోడకున్న నిచ్చెన చూపించాడు. నిచ్చెన పైన కప్పులో చదరంగా ఒక తలుపుంది. "ఇది మా మనుషులు కప్పు మీద పనికి ఎక్కడానికని పెట్టాం. లోపలినుంచే తియ్యొచ్చు. తాళం కూడా లేదు. గొడ్డలి అక్కర్లేదమ్మా, చేత్తో తోస్తే తెరుచుకుంటుంది."

ఎక్కి తోసి చూపించాడు. తెరుచుకుంది. ఎండ నేల మీద పడింది.

ఆల్మెటా ఆ ఎండ వంక చూస్తూ నిలబడింది. చేతిసంచి తీసుకుని, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని పద్నాలుగు మెట్లూ దిగి, గడ్డిలో నడిచి, తన పాత ఇంటి మెట్ల మీద రెండో మెట్టు మీద కూర్చుంది. ఆ ముఖం చూసి యులిస్ కుర్చీ ఎత్తుకుని అవతలికి పోయాడు. అతనిది ఎంత వాగుడో అంత ఇంగితం.

రొషెల్ వెనకే వచ్చింది. కోపం అణుచుకోవడానికి ఆమె ప్రయత్నించలేదు.

"నీకేం కావాలమ్మా అసలు? పదేళ్లుగా నా ప్రాణం తోడేశావు ఊరు, ఊరు అని. తీరా ఇల్లొస్తే అటకంటావు. ఆయన తలుపు చూపించాడు. ఇంకేం కావాలి?"

"నన్ను కాసేపు వదిలెయ్యవే."

"వదిలేస్తే సాయంత్రం అవుతుంది. నువ్వూ నాన్నలాగే తయారయ్యావు. ఆయనా ఇంతే, మొండి. ఆ రోజు కారెక్కి ఉంటే ఈపాటికి ఇక్కడే కూర్చుని నీతో పోట్లాడుతుండేవాడు."

"మీ నాన్ననేమీ అనకు."

"ఎందుకనకూడదు? రమ్మంటే రాలేదు. మొండితనంతోనే పోయాడు."

"ఆయన మొండితనంతో పోలేదు," అంది ఆల్మెటా. "నా వల్ల పోయాడు."

రొషెల్ వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది.

ఆల్మెటా గడ్డి వంక చూస్తూ చెప్పింది. కత్రినా వచ్చిన ఏడాది జూన్‌లో అంజూరపు చెట్టు కొమ్మ ఒకటి కరెంటు తీగ మీదకు వంగింది. తుఫానుల కాలం మొదలవుతోంది. కొమ్మ కొట్టమని హర్లిన్‌కు మూడుసార్లు చెప్పింది. ఆయన మోకాళ్లు అప్పటికే పనిచెయ్యడం లేదు, రేపంటే రేపన్నాడు. చెప్పి చెప్పి విసుగెత్తి తనే అటకెక్కి, వాడకూడని గొడ్డలి దింపి, కొమ్మ నరికింది. కూర పొయ్యి మీద ఉందని గబగబా లోపలికొచ్చి, గొడ్డలి వెనక వసారాలో బట్టలుతికే మిషను వెనక ఆనించింది. సాయంత్రం పైన పెడదామనుకుంది.

"మర్చిపోయానే. అంతే. ఇంకేమీ లేదు."

ఆగస్టు ఆఖరి ఆదివారం, తుఫాను ముంచుకొస్తోందని, ఆల్మెటాను తీసుకెళ్లడానికి ఆమె చెల్లెలి కారు వాకిట్లోకొచ్చింది. హర్లిన్ రానన్నాడు. కిందటేడు ఊరంతా కదిలిపోయి, రోడ్డు మీద పన్నెండు గంటలు కార్లలో ఉడికి, తీరా తుఫాను ఇంకోవైపు పోతే తిరిగొచ్చారు. ఆ మోకాళ్లతో మళ్లీ ఆ చాకిరీ తనవల్ల కాదన్నాడు. ఇదిగో ఈ మెట్ల మీదే నిలబడ్డాడు. కారు కదులుతుంటే, "గొడ్డలి పైనే ఉందిగా?" అని అడిగాడు.

"ఉంది అన్నాను," అంది ఆల్మెటా. "కారు కిటికీలోంచే అన్నాను. ఆలోచించను కూడా లేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఉన్నదే కదా, ఉంది అన్నాను."

దారిలో లేక్ చార్లెస్ ఊరు దాటాక పెట్రోలు కోసం ఆగారు. కొట్టు ముందు తాళ్లతో కట్టిన కట్టెల మోపులు అమ్మకానికున్నాయి. అవి చూడగానే ఆమెకు అంజూరపు కొమ్మ గుర్తొచ్చింది. అక్కడే ఫోను చేసింది. లైను కలవలేదు. హ్యూస్టన్ చేరేదాకా చేసింది, చేరాక చేసింది, తెల్లారేదాకా చేసింది. సోమవారం పొద్దున కాలువ కట్ట తెగింది. మూడు వారాల తర్వాత హర్లిన్‌ను అటకలో కనుగొన్నారు. కప్పు చెక్కలమీద లోపలివైపు ఏం కనబడిందో వెతకడానికి వెళ్లినవాళ్లు ఆమెకు చెప్పలేదు, ఆమె అడగలేదు.

"చేత్తో తోస్తే తెరుచుకుంటుందన్నాడు ఆ అబ్బాయి," అంది. "మీ నాన్న కూడా చేతుల్తోనే తోసి ఉంటాడు గదే. ఏ ముఖం పెట్టుకుని ఆ ఇంట్లో పడుకోను? అటక లేదన్నది సాకు. అటకుంటే ఇంకేదో సాకు వెతికేదాన్ని."

రొషెల్ లేచి రోడ్డు పక్కనున్న కారు దగ్గరకు వెళ్లింది. వెనక తలుపెత్తి, అదనపు చక్రం పైనున్న మూత తీసి, దుప్పటిలో చుట్టిన పొడవాటిది ఒకటి పట్టుకొచ్చింది. తల్లి ఒడిలో పెట్టింది.

ఆల్మెటా దుప్పటి విప్పింది. ఇనుము తుప్పుపట్టి గోధుమరంగుకు తిరిగింది. పిడి మీద తేదీ ఉంది.

"బురద ఎత్తిపోయడానికి నేనూ యులిస్ మామయ్యా వచ్చాం కదా ఆ డిసెంబరులో," అంది రొషెల్. "మిషను వెనక దొరికింది. జూన్‌లో నువ్వే ఫోనులో చెప్పావు, కొమ్మ నేనే కొట్టానే, మీ నాన్నను నమ్ముకుంటే కాదు అని. చూడగానే నాకర్థమైంది."

"పదేళ్లుగా నీ దగ్గరుందా ఇది?"

"ఇంట్లో పెడితే నీ కంటబడుతుంది. పారేద్దామని రెండుసార్లు వంతెన దాకా వెళ్లాను. చేతులు రాలేదు."

"మరి ఎప్పుడూ మొండితనం, మొండితనం అంటావు మీ నాన్నను."

"ఎవరో ఒకరి మీద వెయ్యాలి కదమ్మా. నీ దాకా రాకూడదని చచ్చిపోయినాయన మీద వేశాను." రొషెల్ మళ్లీ తల్లి పక్కన కూర్చుంది. "నీకు తెలియదనుకున్నాను. దేవుడా, నీకు తెలియదనే అనుకున్నాను."

ఒకే ఇంట్లో పదేళ్లు, రోజూ ఒకే బల్ల దగ్గర తిన్నారు ఇద్దరూ. ఒకరికి తెలియకూడదని ఒకరు దాచుకున్నది ఒక్కటే. ఇప్పుడు పాత మెట్ల మీద పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. అవతల కుర్చీలో యులిస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. గొడ్డలి దొరికినప్పుడు పక్కనున్నవాడు కనక అతనికీ తెలుసు. పదేళ్లలో అతను దాచిన రహస్యం అదొక్కటే.

నాలుగు గంటలకు ఆల్మెటా కళ్లు తుడుచుకుని, గొడ్డలి చేతపట్టి, కొత్త ఇంటి మెట్లెక్కింది. గుమ్మంలో ఆమెను చూసి వెండెల్ ఒక అడుగు వెనక్కేశాడు.

"భయపడకు బాబూ. నీ దగ్గర రెండు మేకులున్నాయా?"

"ఎక్కడికమ్మా?"

"ఆ నిచ్చెన పైన, తలుపు పక్కన. పైమెట్టు మీద నిలబడితే చేతికందాలి."

"చేత్తోనే తెరుచుకుంటుందండీ అది. నిజంగా."

"తెరుచుకోనీ. నేను వద్దన్నానా? ఇదీ పక్కనుంటుంది."

నున్నటి కొత్త గోడకు మేకులు కొట్టడం అతనికి ప్రాణసంకటమే. అయినా కొట్టాడు. ఆల్మెటా కాగితాల మీద సంతకం పెట్టింది. ఆ ఆదివారమే సామాను దింపుకుంది, సోమవారం ఎర్ర గింజలు నానబోసి వండింది, యులిస్ రెండుసార్లు వడ్డించుకుని ఉప్పు తక్కువైందన్నాడు.

ఆ వీధిలో ఇప్పుడు స్తంభాల ఇళ్లు పదకొండున్నాయి. మధ్య మధ్య గడ్డి, గడ్డిలో అక్కడక్కడ మెట్లు. ప్రతి ఏడాదీ జూన్ ఒకటో తారీఖు పొద్దున్న, తుఫానుల కాలం మొదలయ్యే రోజున, ఆల్మెటా నిచ్చెన ఎక్కుతుంది. డెబ్భై దాటిన మనిషి ఎక్కకూడదని కూతురు ఎంత మొత్తుకున్నా వినదు. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని హ్యూస్టన్‌కు ఫోను చేస్తుంది.

రొషెల్ ఎత్తగానే అడుగుతుంది, "అమ్మా, గొడ్డలి పైనే ఉందిగా?"

ఆల్మెటా వెంటనే జవాబు చెప్పదు. చెయ్యి చాచి, పిడి మీది తేదీని వేళ్లతో తడిమి, అప్పుడు చెబుతుంది.

"ఉంది. పట్టుకుని చెబుతున్నాను."