బాపు చెవుడు నేర్చుకున్న ఏడాది

మా బాయి గేటు దగ్గరి మైసమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. బాయి అంటే మావైపు బొగ్గుగని. నేను కోతలరాయుణ్నని నస్పూర్‌లో చాయ్ హోటళ్లన్నింటికీ తెలుసు కాబట్టి ఒట్టు కొంచెం గట్టిగానే వేస్తున్నాను.

మాది చంద్రపూర్ అవతలి పల్లె. బాపు బాయి పనికని ఇక్కడికొచ్చి ఏళ్ల తరబడి బొగ్గు తవ్వినా, వీధిలో మేము ఇంకా 'మరాఠోళ్లమే'. అమ్మను మేము ఆయి అంటాం, నాన్నను బాపు. "ఊరుగాని ఊర్ల బతుకుతున్నం, నలుగురి నోట్లె పడొద్దు రా" అనేది ఆయి. నలుగురి నోట్లో పడే సంగతి నా దగ్గర ఒకటుంది. నాకు ఆడపిల్లల మీద మనసు పోలేదు. ఒక మగవాడి మీద పోయింది. అతను నాగపూర్‌లో ఏసీలు బాగుచేస్తాడు. గది తీసుకుని నన్ను రమ్మంటున్నాడు.

సరిగ్గా ఆ ఏడాదే బాపు చెవిటివాడు కావాలని నిర్ణయించుకున్నాడు.

డాక్టర్ల బోర్డు 'ఇక పనికి రాడు' అని తేలిస్తే తండ్రి కొలువు కొడుక్కి వస్తుంది. బాపు చెవులేమో పక్క వీధిలో పిల్లి పాలు తాగినా వింటాయి. అందుకని ఇంట్లో సాధన మొదలైంది. ఆయన గోడవైపు తిరిగి కూర్చుంటే ఆయి వెనక నుంచి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టేది. ఉలిక్కిపడకూడదు. మొదట్లో ఆయి గరిటె ఎత్తగానే ఉలిక్కిపడేవాడు.

ఒకరోజు పక్కింటామె గుమ్మంలో నిలబడింది.

"ఏందే వదినా, అన్నకు చెవులు పోయినయట?"

"పోయినయ్ వదినా," ఆయి కొంగుతో నోరు మూసుకుంది.

"అయ్యో పాపం. గేటు కాడ అన్న సైకిల్ ఎవడో ఎత్కపోతుండు మల్ల!"

బాపు లుంగీ సర్దుకుంటూ గేటు దాకా ఉరికాడు.

"మంచిగనే ఇనవడ్తుంది గదనే!" ఆమె పడీపడీ నవ్వింది.

ఆ అవమానంతో బాపు పట్టుబట్టి నేర్చుకున్నాడు. చివరికి చెవి పక్కన టపాకాయ పేలినా రెప్ప కొట్టని స్థాయికి వచ్చాడు.

బోర్డు ఇంకో వారం ఉందనగా నాగపూర్ నుంచి ఫోన్.

"రేపు పొద్దుగాల బండెక్కు. ఒక్కసారి కొలువు నీ పేరు మీదికొచ్చిందంటే ఇగ రావు నువ్వు."

"బాపుకు చెప్పి వస్త."

"ఏమని చెప్తవ్?"

"ఉన్నదే చెప్త."

"నువ్వు! ఉన్నది చెప్తవా!" అని నవ్వాడు.

ఆ సాయంత్రం ఆయి కూరగాయలకు పోయింది. బాపు గోడవైపు తిరిగి పల్లీలు ఒలుస్తున్నాడు. నేను వెనక నిలబడ్డాను.

"బాపూ, నాకు కొలువద్దు. పెండ్లి నాతోని కాదు. నాగపూర్‌ల ఒకడున్నడు. నువ్వూ ఆయీ ఎట్లున్నరో, నేనూ వాడూ గట్ల ఉండాలనుకుంటున్నం. నువ్వు బోర్డుకు పోకు."

అంత నిజం ఒకేసారి నేనెప్పుడూ మాట్లాడి ఎరగను.

బాపు తల తిప్పలేదు. పల్లీ ఒలుస్తూనే అన్నాడు: "నాగపూర్‌ల చలి జాస్తి. నా స్వెట్టర్ తీస్కపో."

ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండు! కానీ నేను బండెక్కలేదు. బోర్డు ముందు బాపు బండరాయిలా కూర్చుని గెలిచాడు. కొలువు నాకొచ్చింది. నాగపూర్ నుంచి కొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి, తర్వాత రాలేదు. నేను ఫస్ట్ షిఫ్టుకు దిగుతున్నాను. "కొలువున్నోనికి పిల్ల దొరకదా" అని ఆయి ఇప్పటికీ ఎవరో ఒకరి ఫోటో తెస్తూనే ఉంది.

బోర్డు అయిపోయింది కదా, బాపు ఇంట్లో అందరి మాటా వింటాడు. ఆయిది, టీవీది, పక్కింటామెది. నేను "బాపూ, తిన్నవా?" అంటే మాత్రం ఆయి మొహం చూస్తాడు. ఆయి అదే మాట మళ్లీ అడిగితే, తిన్నానంటాడు.

మైసమ్మా, తప్పు కాయి. స్వెట్టర్ మాట ఒక్కటి నేను కల్పించాను. నేను చెప్పడం నిజం, ఆయన తల తిప్పకపోవడం నిజం. ఆయన చేతిలో పల్లీ కూడా ఆగలేదు. కోపంతో ఒక్కటి కొట్టినా ఆ విసురులో బండెక్కేవాణ్ని.

అసలు మా బాపుకు స్వెట్టరే లేదు.