పాపాయమ్మ పెట్టని వాత

కాలవగట్టు మీది ఆ ఊళ్ళో పసిబిడ్డకు ఊపిరాడకపోతే కబురు ముందు పాపాయమ్మకు వెళ్ళేది, దేవుడికి మొక్కడం ఆ తరవాతే. నరసాపురంలో దొరల ఆసుపత్రి ఉందని అందరూ విన్నవాళ్ళే. కాని పడవెక్కితే ఒక పూట పడుతుంది. పాపాయమ్మ అయితే గోడ మీంచి పిలిస్తే పలుకుతుంది.

ఆవిడకు తెలిసిన వైద్యం ఒక్కటే. బిడ్డ డొక్కలెగరేస్తూ ఆయాసపడితే అది పాలుబ్బసం. పాలుబ్బసానికి వాత పెట్టాలి. పసుపుకొమ్మును దీపం సెగ మీద నిప్పులా కాల్చి, రొమ్ముకు అటొకటి ఇటొకటి అంటించేది. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే "గాలి కదిలిందిలే" అనేది. బిడ్డ బతికితే పాపాయమ్మ హస్తవాసి, పోతే బిడ్డ ఆయుర్దాయం. ఇంత సుఖమైన లెక్క ఊరి కరణానికి కూడా చేతకాదు! ఊపిరే అందని బిడ్డను పైనుంచి కాల్చడం గోరుచుట్టు మీద రోకటిపోటు కాదా అని ఆ రోజుల్లో అడిగినవాళ్ళు లేరు. పాపాయమ్మ అడగనిచ్చే మనిషీ కాదు. అలాగని చెడ్డది కాదు. ఎవరి దగ్గరా చారెడు బియ్యమైనా పుచ్చుకునేది కాదు. తన నలుగురు పిల్లల రొమ్ముల మీదా ఆ మచ్చలున్నాయి. తన రొమ్ము మీద వాళ్ళమ్మ పెట్టిన మచ్చలున్నాయి. తరతరాలుగా బతికి బట్టకట్టినవాళ్ళే కళ్ళముందు తిరుగుతుంటే, మట్టిలో కలిసినవాళ్ళు సాక్ష్యానికి రారు కదా.

అలా పోయినవాళ్ళలో పక్కింటి వీరవేణి మొదటి కొడుకు ఒకడు. వాత పడిన కాసేపటికే తల వాల్చేశాడు. వీరవేణి అత్త రత్నమాణిక్యం "మన రాత" అనుకుని, పాపాయమ్మను ఎప్పటిలాగే వదినా అని పిలుస్తూనే ఉంది. వీరవేణి మాత్రం ఆవిడతో మాట మానేసింది. తరవాత బుల్లబ్బాయి పుట్టాడు. వాణ్ణి చంక దింపితే ఎవరెత్తుకుపోతారోనన్నట్టు పెంచుకుంటోంది.

గోదావరికి ఆనకట్ట కట్టి ముప్ఫయ్యేళ్ళు కావస్తున్న ఆ వేసవిలో, ఒక మధ్యాహ్నం, రత్నమాణిక్యం వాకిట్లో ఆడవాళ్ళు చింతపండు కొడుతున్నారు. ఒకరింటి పనికి నలుగురూ కూర్చోవడం అలవాటు గనక పాపాయమ్మా వచ్చింది. పిక్కలు తీసి పక్కన పోగు పోస్తున్నారు. వీరవేణి కాలవకు నీళ్ళకెళ్ళింది. ఏడాదిన్నర బుల్లబ్బాయి ఆ పోగు చుట్టూ తప్పటడుగులేస్తూ, అందరి కొంగులూ లాగుతూ తిరుగుతున్నాడు.

ఉన్నట్టుండి వాడు ఉక్కిరిబిక్కిరయ్యాడు. రెండు మూడుసార్లు దగ్గాడు. కూలబడ్డాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులోంచి సన్నగా ఈల వినబడుతోంది. మెడ కింది గుంట లోపలికి పోతోంది, డొక్కలు ఎగిరిపడుతున్నాయి.

"వదినా! డొక్కలెగరేస్తున్నాడే!" అని రత్నమాణిక్యం లబలబలాడింది.

పాపాయమ్మ ఒక్క చూపు చూసింది. చూసింది డొక్కల్నే. "పాలుబ్బసం. దీపం వెలిగించు, పసుపుకొమ్ము తే" అంది. అంత తెలిసిన మనిషికి, ఇంతసేపూ తన కొంగు పట్టుకులాగిన పిల్లాడు వీడేనన్న ఆలోచన రాలేదు. చెయ్యి అలవాటుపడ్డాక బుర్రతో పనేముంది!

రత్నమాణిక్యం పరుగున దీపం తెచ్చింది. ఒకావిడ బిడ్డను వెల్లకిలా ఒళ్ళో వేసుకుని చేతులు పట్టుకుంది. పసుపుకొమ్ము కొస ఎర్రబడింది. పాపాయమ్మ వంగింది.

అప్పుడు వాకిట్లో బిందె దబ్బున పడింది.

"ఒద్దండీ! ముట్టుకోకండి!" వీరవేణి వచ్చి బిడ్డ మీద అడ్డంగా పడిపోయింది. పక్కకు లాగబోయిన అత్త చెయ్యి విదిలించి కొట్టింది. "ఇందాకే కదండి నా చంక దిగి పరిగెట్టాడు! ఒళ్ళు చూడండి, చల్లగా ఉంది. దగ్గు లేదు, జొరం లేదు. పాలుబ్బసం ఇలా బిందెడు నీళ్ళు తెచ్చేలోపు వచ్చేస్తదాండి? మీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి చూడండి!"

కోడలు అంత మాటకు తెగించడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. పాపాయమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ముందు కోపం వచ్చింది. నాకు చెప్పొచ్చిందా నిన్నగాక మొన్నటి పిల్ల! కాని ఆగిన చెయ్యి ఆగినట్టే ఉంది. ఎడమచెయ్యి బిడ్డ నుదుటి మీద వేసింది. చల్లగా చెమట పట్టి ఉంది. వంగి రొమ్ముకు చెవి ఆనించింది. ఇన్నేళ్ళలో ఏ బిడ్డకూ అలా ఆనించలేదు. ఈల లోపల గుండెల్లో లేదు, పైన గొంతు దగ్గరే ఉంది. ఆవిడ చూపు చింతపిక్కల పోగు మీద పడింది.

"అయ్యో! పిక్క మింగాడే వీడు!"

"మింగితే కక్కిద్దాం!" అని రత్నమాణిక్యం బిడ్డ నోట్లోకి వేలు పోనిచ్చింది. ఇంకొకావిడ పట్టించడానికి ఆముదం గిన్నె తెచ్చింది. పాపాయమ్మ రత్నమాణిక్యం చేతి మీద ఒక్కటిచ్చింది.

"తియ్యి! కనబడందాన్ని కెలికితే ఇంకా లోపలికి తోస్తావు. ఆ ఆముదం గిన్నె అవతల పెట్టు. ఏదీ పొయ్యొద్దు. దగ్గనీ, దగ్గితే అదే రావచ్చు."

బుల్లబ్బాయి దగ్గబోయాడు. నోరు తెరిచాడు గాని దగ్గు రాలేదు. ఈల కూడా ఆగిపోయింది. ఆ ఈల వినలేక మొహాలు తిప్పుకున్న ఆడవాళ్ళకు, అది ఆగాక ఏమీ వినబడకపోవడం అంతకంటే భయంకరంగా ఉంది. ఏడవడానికి బిడ్డ ముఖం వంకర పోయింది, ఏడుపు బయటికి రాదు. పెదాలు నేరేడుపండు రంగు తిరిగాయి.

తన మూడో కాన్పులో, ఉమ్మనీరు మింగి ఏడవని బిడ్డను మంత్రసాని బోర్లా తిప్పి వీపు మీద చరిచిన సంగతి పాపాయమ్మకు చప్పున తట్టింది. ఆలోచించే వ్యవధి లేదు. పసుపుకొమ్ము పారేసి చతికిలబడింది. బిడ్డను తొడ మీద బోర్లా వేసుకుంది, తల కిందికి, కాళ్ళు పైకి. ఒక చేత్తో దవడ కింద పట్టుకుని, రెండో అరచేతి మొదలుతో రెక్కల మధ్య గట్టిగా చరిచింది.

ఏమీ రాలేదు.

మళ్ళీ చరిచింది. బిడ్డ చేతులు వేలాడిపోయాయి. "చంపేస్తున్నావొదినా, వాత పెట్టేయి, వాత పెట్టేయి!" అని రత్నమాణిక్యం నెత్తి కొట్టుకుంటోంది. వాత పెట్టి ఉంటే బిడ్డ పోయినా ఎవరూ ఏమీ అనరు. ఇలా చేతుల్లో పోతే ఊరు ఊరంతా పాపాయమ్మే కొట్టి చంపిందంటుంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసే మళ్ళీ చరిచింది. ఇంకోసారి, ఈసారి ఉన్న బలమంతా పెట్టి.

జిగట ఉమ్మితో కలిసి నల్లటి పిక్క నేల మీద పడింది.

బిడ్డ ఒక్కసారి లోపలికి ఊపిరి లాగాడు. తరవాత ఏడ్చాడు. ఊరు దద్దరిల్లేటట్టు ఏడ్చాడు. ఆ ఏడుపు విని ఆడవాళ్ళంతా నవ్వారు, నవ్వుతూనే కళ్ళొత్తుకున్నారు. "నీ హస్తవాసే హస్తవాసి వదినా!" అంటూ రత్నమాణిక్యం ఆవిడ చేతులు కళ్ళకద్దుకోబోయింది. పాపాయమ్మ చేతులు వెనక్కి లాక్కుంది.

తరవాత బతికినన్నాళ్ళూ ఆవిడ పసుపుకొమ్ము కాల్చలేదు. బిడ్డను తెస్తే ఒళ్ళు పట్టి చూసేది, ఎప్పట్నుంచీ అని అడిగేది, చెవి ఆనించేది. జ్వరంతో డొక్కలెగరేస్తుంటే పడవ మాట్లాడి తనూ కూడా నరసాపురం వెళ్ళేది. ముసలిదానికి మతి పోయిందన్నవాళ్ళూ ఉన్నారు. అననీ.

ఆ మధ్యాహ్నం మాత్రం వాకిట్లో ఇంకో మాట మిగిలింది. వీరవేణి గోడకు చేరబడి బిడ్డకు పాలిస్తోంది. వాడు వెక్కుతూ తాగుతున్నాడు. వాడి వీపు నిమురుతూనే ఆ పిల్ల తలెత్తింది. పెద్దాడు పోయిన తరవాత పాపాయమ్మ కళ్ళలోకి చూడటం అదే మొదలు.

"మా పెద్దాడి గొంతులో కూడా ఏవన్నా ఉందాండి, పెద్దమ్మగారూ?"

"ఊరుకోవే, వాడి ఆయుర్దాయం అంతే" అని ఎవరో సర్దబోయారు. ఆ మాట ఎన్నో ఇళ్ళలో పాపాయమ్మ చెప్పిందే. ఇప్పుడూ తలూపితే సరిపోయేది.

"తెలీదమ్మా" అంది పాపాయమ్మ. "నేను చూళ్ళేదు. నువ్వు చూడమని ఏడుస్తుంటే, నిన్ను గదిలోకి నెట్టి గొళ్ళెం పెట్టమన్నాను."

రత్నమాణిక్యం తల దించుకుంది. గొళ్ళెం పెట్టింది ఆవిడే.

బిడ్డ నిద్రలోకి జారుకున్నాడు. వీరవేణి వాడి రొమ్ము మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందని చూసుకుంది.

"ఇయ్యాల చూశారు కదండి" అంది.

అంతవరకూ ఎన్ని ఇళ్ళలో బిడ్డలు పోయినా కన్ను చెమర్చని మనిషి, ఆ మాటకు చింతపండు మధ్యలో కూలబడి బావురుమని ఏడ్చింది.