ఫ్లూగల్‌హార్న్ పక్కన నా తాళం

కచేరీలో తాళం వేయకుండా చేతులు ముడుచుకుని కూర్చోవడం నాకు చేతకాదు. వేయకూడదని ముందే చెప్పి ఉంటే ఆ శుక్రవారం మా ఊళ్ళోని అద్లియా పేటలో కెఫే కచేరీకి వెళ్ళేదాన్నే కాదు. ఫోన్లు ఆపమన్నారు, కప్పుల చప్పుడు వద్దన్నారు. చేతుల మాట ఎవరూ ఎత్తలేదు.

వాయించినవాడు మా ఆయన ఆఫీసులో పనిచేసే విశాఖపట్నం కుర్రాడు, చర్చి బ్యాండులో నేర్చుకున్నవాడు. వాద్యం ఫ్లూగల్‌హార్న్. ట్రంపెట్‌కి పిన్నిలా కాస్త ఒళ్ళు చేసి ఉంటుంది, గొంతు మెత్తన. వెనక బేస్ ఒకరు, డ్రమ్స్ ఒకరు, అంతే. కెఫేలో జనం ముందు వాయించిందే రికార్డు చేసి జాజ్ ఆల్బమ్‌గా తెస్తారట.

ఒక పాట ఐదు దెబ్బల లెక్కలో ఎత్తుకున్నారు. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నదాన్ని, ఖండచాపు అని పట్టేసి బల్ల మీద వేయడం మొదలుపెట్టాను. కాసేపటికి వాళ్ళు తాళం తప్పారు. తప్పారనే అనుకున్నాను. నాది నేను గట్టిగానే వేశాను. చివరికి అందరం ఒకచోటే దిగాం. ఇంటికి వస్తూ దారంతా మా ఆయనకి వాళ్ళ తప్పే వినిపించాను.

కొన్నాళ్ళకి ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. అన్నిట్లోకీ ఆ పాటే బాగా వచ్చిందట. కానీ అందులో నా దెబ్బలున్నాయట, విడదీయడం కుదరదట. వాటివల్లే చెడిందని డ్రమ్స్ అతను, వాటివల్లే నిలబడిందని బేస్ అతను. ఆ పాటని ఆల్బమ్‌లో ఉంచాలో తీసేయాలో నన్నే చెప్పమని రికార్డింగు పంపాడు.

మా ఆయన సగం కూడా వినలేదు. "తీసేయమనవే. పాట వాళ్ళది, గోల నీది."

"గోలా? ఎవరు తప్పారో ముందు వినండి."

విన్నాం. మొదటిసారి వాళ్ళే తప్పారు. రెండోసారి నా దెబ్బే వెనకబడినట్టనిపించింది. మూడోసారి ఇంకో సంగతి బయటపడింది. ఫ్లూగల్‌హార్న్ ఒక స్వరం పట్టుకుని ఊదినంతసేపూ నా దెబ్బ లేదు. ఆపినట్టు నాకు గుర్తు లేదు. ఆపలేదని ఒట్టేసి చెప్పేదాన్ని. మళ్ళీ అందుకున్నది సరిగ్గా వాళ్ళు దిగిన చోటే. ఆ చోటు నాకెవరు చూపించారు?

ఉంచమని ఫోన్ చేశాను.

"మరి తప్పింది మేమా, మీరా అక్కా?"

"అదే తెలియట్లేదయ్యా. తీసేస్తే ఇక ఎవరితో పోట్లాడను?"

ఆల్బమ్ వచ్చింది. ఆ స్వరం దగ్గరికొచ్చేసరికి ఇప్పటికీ చెయ్యెత్తి ఆగిపోతాను, వేయాలో వద్దో తెలియక.