అయ్యగారబ్బాయికి బైబిలు ట్యూషన్

ఆ రోజుల్లో, అంటే మా ఇల్లందులో బొగ్గుబాయి సైరన్ విని గడియారాలు సరిచేసుకునే రోజుల్లో, గౌరవం రెండు రకాలుగా దొరికేది. ఒకటి కష్టపడి సంపాదించుకునేది, రెండోది నాన్న ఉద్యోగం వల్ల ఊరికే వచ్చేది. నాకు రెండోది దండిగా ఉండేది. మా నాన్న అక్కడి చర్చిలో పాస్టరు. ఆయన్ని అందరూ 'అయ్యగారు' అనేవాళ్లు, నన్ను 'అయ్యగారబ్బాయి' అనేవాళ్లు. క్రిస్మస్ కేకులో మొదటి ముక్క నాది, సండే స్కూల్లో ఫ్యాన్ కింద చోటు నాది. యేసు జీవితం, ఆయన బోధలు నాకు తెలుసా అని పదమూడేళ్లు వచ్చేదాకా ఎవరూ అడగలేదు. చేపపిల్లకు ఈత నేర్పాలా అని అందరూ అనుకున్నారు. అందరికంటే గట్టిగా నేనే అనుకున్నాను.

నిజానికి ఈ చేపపిల్ల నీళ్లలో పడగానే నిద్రపోయే రకం. మా ఇంట్లో పొద్దున ఐదింటికే కుటుంబ ప్రార్థన. మోకాళ్ల మీద ఉండి, నుదురు మంచం పట్టెకు ఆనించి, ఊగకుండా, గురక రాకుండా నిద్రపోవడం నేను ఏడో ఏటే సాధించాను (తేలికైన విద్యేం కాదు, మా చెల్లెలు మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ ముందుకు పడింది). ఇక పరీక్షలకు నా సొంత పద్ధతి ఒకటుండేది. యేసు ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదు వేలమందికి కడుపు నింపిన కథ ఒక్కటే నాకు వచ్చు. యేసు గురించి ఏ ప్రశ్న వచ్చినా జవాబులో ఐదు రొట్టెలు, రెండు చేపలు పెట్టేస్తే ఎంతో కొంత మార్కు రాలక తప్పదని నా నమ్మకం. కొండ మీద ఏం బోధించాడు? ఐదు రొట్టెలు, రెండు చేపలు. అరణ్యంలో నలభై రోజులు ఏం తిన్నాడు? ఐదు రొట్టెలు, రెండు చేపలు. (అక్కడ ఆయన ఉపవాసం ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది.)

ఆ ఏడు నన్ను కన్ఫర్మేషన్ క్లాసులో వేశారు. పసితనంలో బాప్తిస్మం పొందిన పిల్లలు కాస్త పెద్దయ్యాక సంఘం ముందు నిలబడి, తమ విశ్వాసం సొంత నోటితో చెప్పుకోవాలి. ఆ రోజు పాస్టర్లందరికీ పైఅధికారి అయిన పెద్దయ్యగారు వచ్చి ఒక్కొక్కరినీ లేపి సువార్తల్లోంచి ప్రశ్నలడుగుతారు. చెప్పగలిగినవాళ్లకే ప్రభు సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షారసం. దానికి ముందు మాకు కాగితం మీద ఒక పరీక్ష పెట్టారు. బాయిలో పనిచేసే ఒకాయన కూతురికి యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. నాకు నాలుగు. రొట్టెలకు రెండు, చేపలకు రెండు వేసి ఉంటారు.

ఆ నాలుగు మార్కుల వల్ల నాకొచ్చిన నష్టమేమీ లేదు, వచ్చిందంతా నాన్నకే. సంఘంలో మీసాల పెద్ద అని ఒకాయన ఉండేవాడు. నాన్న ప్రసంగం పొడుగని ఒక వారం, ప్రార్థన పొట్టిదని ఒక వారం వంక పెట్టేవాడు. నాన్నను ఊరు మార్చమని పెద్దయ్యగారికి అప్పటికే రెండు ఉత్తరాలు రాశాడు. నా మార్కులు తెలిసిన ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి అందరికీ వినబడేలా, "ఇంట్ల పోరనికి నేర్పనోడు సంఘానికేం నేర్పుతడు? పెద్దయ్యగారిని రానియ్యి, ఆయన ముందటనే అడుగుత" అన్నాడు. నాన్న చెప్పులు వేసుకోవడం మర్చిపోయి ఇంటిదాకా నడిచొచ్చాడు. ఆ ఉత్త కాళ్లు చూసి నాకు మొదటిసారి భయమేసింది. పెద్దయ్యగారి ముందు నేను నోరు తెరవలేకపోతే నాన్న పరువు పోతుంది, ఆ వెనకే ఊరూ పోతుంది.

పాపం, నాన్న నేర్పడానికి కూర్చున్నాడు. కానీ ఆయనకు పాఠం రాదు, ప్రసంగమే వచ్చు. "ఇందులో మనం మూడు అంశాలు ధ్యానిద్దాం" అని మొదలుపెట్టాడు. మొదటి అంశం పూర్తికాకముందే నేను మంచం పట్టె ఆసరా లేకుండానే నిద్రపోయాను. ఇలా లాభం లేదని మా అమ్మ ఒక నిర్ణయానికొచ్చింది.

బస్టాండు పక్క సందులో టైలర్ చాచా షాపుండేది. అరవైకి దగ్గరపడ్డ సాయిబు, ముక్కు చివర కళ్లద్దాలు. మా సంఘంవాళ్ల పెళ్లి కోట్లు, నాన్న తెల్ల అంగీలు అన్నీ ఆయన కుట్టినవే. నాన్నకు కొత్త అంగీ చెప్పడానికి అమ్మ వెళ్లినప్పుడు ఆయన మెల్లగా, "అమ్మా, మొన్న మట్టికొస్తే, సమాధుల దగ్గర అయ్యగారు సచ్చిన లాజరు లేచిన సంగతి లూకాల ఉందన్నరు. అది యోహానుల ఉంటది. లూకాల ఉన్న లాజరు వేరే, ఆయన బీదోడు" అన్నాడట. అమ్మ ఆశ్చర్యపోయి అడిగితే కథ బయటపడింది. చిన్నప్పుడు ఆయన ఐదో తరగతి దాకా మిషన్ బడిలో చదివాడు. అక్కడ పొద్దున సువార్త భాగం అప్పజెప్తేనే మధ్యాహ్నం ఉప్మా. "ఉప్మా కోసమని నాలుగు సువార్తలు నోటికొచ్చినయమ్మా" అన్నాడట నవ్వుతూ.

మర్నాడే నేను ఆ షాపులో స్టూలు మీద ఉన్నాను. దారి పొడుగునా అమ్మ ఒకటే హెచ్చరిక. "నాన్నకు తెల్వొద్దు. అయ్యగారి కొడుక్కి సాయిబు బైబిలు చెప్తుండని ఆ మీసాలాయన చెవిన పడ్డదంటే మన పని అయిపోయినట్టే." చాచా మాత్రం మొదటిరోజే సూటిగా చెప్పాడు. "చూడు బేటా, యేసును మేము ఈసా నబీ అంటం, అంటే ప్రవక్త, మీరు ప్రభువంటరు. మేము నమ్మేది మాకున్నది. పరీక్ష నీది గాబట్టి నీ కితాబుల ఎట్లుంటే గట్లనే చెప్త." పద్ధతి ఏంటంటే, నేను చదివి కథ తిరిగి చెప్పాలి, ఆయన కుట్టు మిషన్ తొక్కుతుంటాడు. నేను తప్పు చెప్తే మిషన్ ఆగుతుంది. మొదటి వారం ఆయన రెండు జాకెట్లు కూడా పూర్తి చేయలేకపోయాడు.

ఒకరోజు పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేయకూడదన్న ఉపమానం వచ్చింది. దాని మీద నాన్న నలభై నిమిషాల ప్రసంగం నేను విన్నాను (పట్టె మీదనే విన్నాను). చాచా ఏమీ వివరించకుండా "నీ అంగీ ఇప్పు" అన్నాడు. నా స్కూలు చొక్కా మోచేతి దగ్గర చిన్న చిరుగుంటే, దానికి తడి తగలని కోరా గుడ్డ ముక్క కుట్టి, బకెట్లో ముంచి తీగ మీద ఆరేశాడు. నేను ఆయన మనవడి బనీను వేసుకుని ఇంటికెళ్లాను. మర్నాటికి ఆ కొత్త ముక్క ముడుచుకుపోయి, చుట్టూ ఉన్న పాత బట్టను లాగేసి, చిరుగు కాస్తా నా పిడికిలి పట్టేంత అయింది. "చూసినవా? కొత్తది నీళ్లల్ల పడంగనే గుంజుకుంటది, పాతదానికి తట్టుకునే తాకత్ ఉండదు. గీ మాట చెప్పినాయన బట్ట తెలిసినోడు బేటా. ఉత్తగ కూసోని చెప్పిన మాట గాదిది." అంతవరకు యేసు నాకు క్యాలెండర్ మీద మాత్రమే తెలుసు. ఆయన పొలం గట్ల మీద, జాలర్ల పడవల్లో, జనం ఇళ్లలో తిరిగి, వాళ్ల పనులు చూసి మాట్లాడిన మనిషని ఆరోజు తెలిసింది. (చొక్కా గురించి అమ్మ అడిగినప్పుడు ఐదు రొట్టెలు, రెండు చేపలు పనిచేయలేదు.)

ఆ తర్వాత నాకు నిద్ర రాలేదు. యేసును సిలువ వేసి, ఆయన కుట్టులేని అంగీ ఎవరికని సిపాయిలు చీట్లేసుకున్న చోట చాచా చాలాసేపు ఆగిపోయాడు. "మా కితాబుల ఈ జాగల వేరే తీరుగ ఉంటది, నువ్వు నీది చదువు. గని ఆ అంగీ నేసినోడు మాత్రం ఉస్తాదే" అన్నాడు. యేసు శిష్యుడు పేతురు కథకొచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. గురువును పట్టుకుపోతే ఈయన ఆ పట్టుకుపోయినవాళ్ల ముంగిట్లోనే బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటాడా, 'నువ్వు ఆయన మనిషివే కదా' అని అడిగితే ఆయనెవరో తెలియదంటాడా, అదీ కోడి కూసేలోపు మూడుసార్లు. (బొగ్గుల మంట గురించి ఇల్లందు పిల్లవాడికి విడమరచి చెప్పక్కర్లేదు, చలికాలం మా వీధంతా దాని చుట్టే ఉండేది.) "నేనైతే చచ్చినా అట్ల అనను చాచా" అన్నాను. చాచా మిషన్ ఆపాడు. నేను చెప్పిందాంట్లో తప్పేముందో నాకర్థం కాలేదు. "పేతురు గూడ ముందుగాల గట్లనే అన్నడు" అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

కన్ఫర్మేషన్ ఆదివారం వచ్చింది. చర్చి నిండిపోయింది. మీసాల పెద్ద ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పెద్దయ్యగారు నన్ను లేపి మాసిక ఉపమానం అడిగారు. నేను బకెట్టుతో సహా చెప్పాను. పేతురు సంగతి అడిగారు. పక్కనే నిలబడి చూసినట్టు చెప్పాను. పెద్దయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఈ ఉపమానం మీద ఎన్ని ప్రసంగాలు చేశానో నేను. ఒక్కసారైనా నీళ్లలో ముంచి చూద్దామని తోచలేదు. ఎవరు నేర్పారు బాబూ నీకు?" అన్నారు. అప్పుడే గుమ్మం దగ్గర చాచా కనిపించాడు. సంస్కారం వేళకు నాన్న వేసుకోవాల్సిన కొత్త అంగీ పేపర్లో చుట్టి పట్టుకొచ్చి, నా జవాబులు వింటూ అక్కడే నిలబడిపోయినట్టున్నాడు. ముఖమంతా నవ్వు. ముందు వరసలో మీసాలు నా వైపు వంగాయి. 'చాచా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మా నాన్నగారండీ" అన్నాను.

పెద్దయ్యగారు సంతోషించి అమ్మ వైపు తిరిగారు. "అమ్మగారూ, మీరు కూడా దగ్గర కూర్చుని చదివించారా?" అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని "అవునండీ" అంది. ఆయన ఇక నాన్నతో "మీ శ్రమ ఫలించిందన్నమాట" అన్నారు. తను నేర్పలేదని నాన్నకు తెలుసు, ఎవరు నేర్పారో మాత్రం తెలియదు. ఆయన ఒకసారి మీసాల పెద్దను చూసి, "అంతా ప్రభువు కృపండీ" అన్నాడు. పేతురు పాపం మూడూ ఒక్కడే అన్నాడు, మేం మనిషికొకటి చొప్పున పంచుకున్నాం. మళ్లీ గుమ్మం వైపు చూస్తే అంగీ పొట్లం కుర్చీ మీద ఉంది, చాచా లేడు. కోడి కూడా కూయలేదు. కూయాల్సిన కోడి మాకూ ఒకటుండేది గానీ, పెద్దయ్యగారి భోజనం కోసం దాన్ని తెల్లవారకముందే కోసేశారు.

అందరూ వెళ్లాక నాన్న నన్ను పిలిచి "నేను నేర్పానా?" అని అడిగాడు. నేను నేల చూశాను, అమ్మ ఉన్నదంతా చెప్పేసింది. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. "చెప్తే వద్దంటరని" అంది అమ్మ. నాన్న "అంటాను" అని ఒప్పుకున్నాడు.

మర్నాడు సాయంత్రం నేను షాపు మెట్టు మీద నిలబడ్డాను, లోపలికి వెళ్లే ముఖం లేదు. "పరీక్ష అయిపోయింది చాచా" అన్నాను. "పరీక్ష అయింది, కితాబు కాలే. మీవాళ్లు యోహాను ఇరవై దాక పెట్టిన్రు, ఇంకొక్క అధ్యాయమున్నది. జల్దీ తియ్." కూర్చుని చదివాను. సముద్రం ఒడ్డున మళ్లీ బొగ్గుల మంట ఉంది. చనిపోయి తిరిగి లేచిన గురువు చేపలు కాల్చి పెట్టి, తెలియదన్న ఆ పేతురునే 'నన్ను ప్రేమిస్తున్నావా' అని అడుగుతున్నాడు. రెండోసారి కూడా అడిగాడు. మూడోసారి దగ్గర నేను ఆగిపోయాను. పదమూడేళ్లవాణ్ణి, బస్టాండు పక్కన, దారిన పోయేవాళ్లంతా చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను. చాచా ఈసారి మిషన్ ఆపలేదు. "నా పేరు చెప్తే మీ నాయనకెంత కష్టమో నాకు తెల్వదా బేటా? పేతుర్ని గూడ తీసెయ్యలే, మళ్ల పని అప్పజెప్పిండు. కండ్లు తుడుసుకొని కిందికి చదువు."

వచ్చే ఆదివారం సంఘం ముందే నిజం చెప్పేస్తానని ఆయనకు మాటిచ్చాను. వారమంతా అద్దం ముందు తయారయ్యాను. తీరా ప్రకటనల వేళ నేను లేవబోతుంటే నాన్న మైకు ముందుకొచ్చాడు. "పోయిన ఆదివారం మా ఇంట్లోవాళ్లం ముగ్గురం నిజం దాచాం. అందులో నేనూ ఒకణ్ణి. మావాడికి సువార్తలు నేర్పింది బస్టాండు దగ్గర టైలర్ గారు. ఆయన్ని చూసి నేను సిగ్గుపడలేదు, మీ మాటకు భయపడ్డాను" అని చెప్పి కూర్చున్నాడు. చర్చి అంతా మీసాల పెద్ద వైపు తిరిగింది. ఆయన లేచాడు, దగ్గాడు, కూర్చున్నాడు. మూడోరోజు నేను షాపులో ఉండగా ఆయనే మనవణ్ణి వెంటేసుకుని వచ్చాడు. "పోరనికి ప్యాంటు కొలతలు తీస్కో. గట్లనే, ఖాళీ ఉంటే, జర మార్కు సువార్త గూడ చూడు. ఎవ్వరికి చెప్పకు" అన్నాడు. చాచా టేపు తీసుకుని, "ప్యాంటు బేస్తవారానికి ఇస్త, మార్కుకు టైం పడ్తది" అన్నాడు. పెద్దయ్యగారికి మూడో ఉత్తరం వెళ్లలేదు.

ఇప్పుడు నేను భద్రాచలం అవతల అడవి పల్లె బడిలో టీచర్ని. ఇన్నేళ్లలో ఎన్నో మాట్లాడాను, మాట్లాడటం నా వృత్తి. కానీ ఆ చర్చిలో నేను చెప్పాల్సిన మాటను నాన్న చెప్పేశాడు, నా వంతు అలాగే ఉండిపోయింది. చాచా పోయినప్పుడు కూడా నేను దూరంలోనే ఉన్నాను. మొన్నొక ఆదివారం ఇల్లందు వెళ్తే, సండే స్కూలు పిల్లలకు రెండు మాటలు చెప్పమన్నారు. యేసు చెప్పిన మంచి సమరయుని కథ చెప్పాలని లేచినవాణ్ణి, లేవగానే "నాకు సువార్తలు నేర్పింది టైలర్ చాచా" అన్నాను. ఆయనెవరో ఆ పిల్లలకు తెలియదు. ముందు కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యెత్తి, "మేం అడగలే గద సార్" అంది.

"వేరేవాళ్లు అడిగిన్రమ్మా, చానా ఏండ్లయింది" అన్నాను. "జవాబు చెప్పేసరికి గిప్పుడైంది."

పిల్లలు పగలబడి నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను.