తొకుజో వేలు

షిగెనోకి నోరెక్కువ. కగోషిమా కొండవాలులో ఆ చుట్టుపక్కల ఎవర్నడిగినా ఆ మాటే చెబుతారు. ఆ నోటికి ఎక్కువగా బలైంది మాత్రం మొగుడు తొకుజో, అదీ ఒక్క వేలు గురించి.

ఊళ్లో చిలగడదుంపల సారా కాచే బట్టీ ఉంది. సారా దిగాక మిగిలే పుల్లటి మడ్డిని దుంపల కోత కాలమంతా బట్టీ మేస్త్రి ఇవాకిరి పీపాల్లో తెచ్చి దింపేవాడు. మేతలో కలిపి పెడితే మాంసానికి పెంచే నల్ల పశువులు బాగా ఒళ్లు చేస్తాయి. తొకుజో పీపా మూత తీస్తూనే వేలు ముంచి నాకేవాడు. వయసులో ఉన్నప్పుడు తాగి తాగి, చివరికి పెళ్లాం మీద ఒట్టేసి మానేసిన మనిషి. ఒట్టు తీసి గట్టున పెట్టి దొంగచాటుగా వేలు నాకుతున్నాడని షిగెనో ముప్పై ఏళ్లు దులిపేసింది. మొదట్లో ఒకసారి ఆవుల కోసమేనని చెప్పి చూశాడు. ఆమె నమ్మితేనా! ఆ తర్వాత నవ్వి ఊరుకునేవాడు.

ఈ ఏడు కోతలు మొదలవుతుండగా తొకుజో పోయాడు. పోయినవాళ్ల ఫోటో ముందు అక్కడ అందరూ సారా గిన్నె పెడతారు. షిగెనో టీ పెట్టింది. చచ్చాక కూడా తాగనివ్వనంది.

పట్టుమని పదిరోజులు కాకుండానే హత్సుమి మేత మానేసింది. అది చూడి ఆవు, తొకుజో సీసాతో పాలు పట్టి పెంచినది. ఇవాళ కూడా తినకపోతే తల్లీ దూడా రెండూ దక్కవని పశువుల డాక్టరు చెప్పి వెళ్లాడు. తొకుజో మీద బెంగ పెట్టుకుందనుకుని షిగెనో దాని మెడ పట్టుకుని ఏడ్చింది. ఆయనది అంటూ మిగిలింది అదొక్కటే.

అప్పుడే పీపా తెచ్చిన ఇవాకిరి తొట్టిలోకి తొంగిచూశాడు.

“రుచి చూసే కలిపావా అక్కా?”

“నేనా? ఆ పాడు నీళ్లు నేను నోట పెట్టను.”

“అన్న చూసేవాడుగా. ఒక్కో కాపుకి ఒక్కో పులుపు. పులుపెక్కువైతే కడుపు పాడై మేత మానేస్తాయి. తవుడెంత, పులుపు విరిచే గుల్లపొడెంత అన్నది ఆ వేలే చెప్పేది.”

“అందులో ఉన్న సారా కోసం కాదూ?”

“సారా ఎక్కడిది, ఉన్నదంతా మేం లాగేసుకుంటే? పోయినేడు కొత్త సారా గుక్కెడు తాగమని నేనే బతిమాలాను. షిగెనో మీద ఒట్టుందన్నాడు.”

షిగెనో పీపా మూత తీసింది. వేలు ముంచి నాకింది. పులుపుకి కళ్లు మూసుకుపోయాయి. ఇవాకిరి చెప్పినట్టు గోరువెచ్చని నీళ్లలో తవుడు, గుల్లపొడి వేసి, కాస్త మడ్డి కలిపి, మధ్యమధ్య వేలు నాకి చూస్తూ జావ చేసింది. హత్సుమి మూతి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. పొద్దువాలేసరికి తొట్టి అడుగు నాకుతోంది.

షిగెనో ఇంట్లోకి వచ్చి ఫోటో ముందున్న టీ పారబోసి ఆ గిన్నెనిండా సారా పోసింది.

“ఇంకొక్కసారి గట్టిగా చెప్పొచ్చుగా, పిచ్చి మనిషీ. ఒట్టు తీరిపోయింది, తాగు. ఇవాళ ఏమీ అనను.”

ఆ పూట నిజంగానే ఆమె ఇంకేమీ అనలేదు.