బావ రెజ్యూమె నుంచి నేను కొట్టేసిన వాక్యం

మా దానియేలు బావ పదిహేడేళ్ళు సైన్యంలో ఉన్నాడు. ఆ పదిహేడేళ్ళనూ ఏ శత్రువూ ఏమీ చేయలేకపోయాడు. నేను ఒక్క ఆదివారం మధ్యాహ్నం, రెండు పేజీల్లో, మట్టుబెట్టాను. ఆయుధం కంప్యూటరు, మందుగుండు నా తెలివి. ఎలాగో చెబుతాను, నవ్వండి. నవ్వడానికే రాస్తున్నాను.

అప్పుడు నాకు ముప్ఫయ్యేళ్ళు. హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో, ప్రార్థన కానిదే కంచంలో చెయ్యి పెట్టని ఇంట్లో పుట్టి నాస్తికుణ్ణయ్యాను. అయి ఊరుకుంటే లోకానికి బాధ లేకపోయేది. తెలుగు సంఘం హాల్లో నెలనెలా చర్చ పెట్టించి, ఎవరేమన్నా "రుజువేది?" అంటూ లేచేవాణ్ణి. పెళ్ళిళ్ళలో పాస్టరు గారు "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అనగానే జనమంతా వధూవరులను వదిలేసి నా వైపు తిరిగేవారు.

బావ మా అక్క భర్త. సైనిక ఆసుపత్రుల్లో నర్సింగ్ పని చేసి, హవల్దారుగా రిటైరై వచ్చాడు. హౌరాలో ఒక ఆశ్రమం ఉంది. ఇక బతకరని ఆసుపత్రులు పంపేసినవాళ్ళను చివరిదాకా చూసుకునే చోటు. అక్కడ మనిషి కావాలని తెలియగానే బావ మొహంలో పెళ్ళికళ వచ్చింది.

"ఇది నా పనేరా. నాకొచ్చిన పని ఇదొక్కటే" అన్నాడు.

రెజ్యూమె తెమ్మన్నారట. ఇంట్లో చదువుకున్న గాడిదను నేనే.

"చెప్పు బావా, సైన్యంలో ఏం చేసేవాడివి?"

"స్ట్రెచర్లు మోసేవోడ్ని."

'హ్యూమన్ రిసోర్స్ మూవ్‌మెంట్ మేనేజర్' అని టైపు చేశాను.

"ఇంకా?"

"దాహమంటే నీల్లు పట్టేవోడ్ని. పక్కలు మార్సేవోడ్ని."

'లిక్విడ్ డిస్ట్రిబ్యూషన్ హెడ్. బెడ్ లాజిస్టిక్స్ ఇన్‌ఛార్జ్.'

పప్పు గరిటెతో వచ్చి వెనక నిలబడిన అక్క అంది: "ఆయన సెప్పిందేటి, నువ్వు కొడతన్నదేటిరా?"

"ఇది సివిల్ భాష అక్కా. నీకు తెలీదు."

"ఇంకోటుంది, రాయి." బావ గొంతు తగ్గింది. "సచ్చిపోతన్న కుర్రోళ్ళ పక్కన కూకునేవోడ్ని. ఆళ్ళ ఇంటోళ్ళు ఎక్కడో దూరంగా ఉంటారు కదా. అందుకని తొమ్మిది బాసల్లో ఒక మాట నేర్సుకున్నాను."

"ఏం మాట?"

"మీయమ్మ వస్తంది. దార్లో ఉంది."

ఈసారి చెప్పింది చెప్పినట్టే టైపు చేశాను. "నిజంగా వచ్చేదా?"

"ఎలగొస్తాదిరా? కబురందే సరికే అయిపోయేది."

"అంటే అబద్ధం!"

"అబద్దమే."

"ప్రాణం పోతున్న మనిషికి అబద్ధమా! మనిషికి ఆఖరి హక్కు నిజం బావా!"

"నిజం ఆడికి తెలుసురా. ఆడికి కావలసింది ఇంకోటి."

"రుజువేది?"

"రుజువు సెప్పడానికి ఒక్కడూ తిరిగి రానేదురా" అన్నాడు.

చర్చలో జవాబు లేనివాడు చేసే పనే చేశాను: ఆ వాక్యం కొట్టేశాను. దాని చోట 'స్టేక్‌హోల్డర్ కమ్యూనికేషన్, తొమ్మిది భాషలు' అని పెట్టాను. చెరపకురా చెడేవు అంటారు. ఆ సామెత సగమే నిజం. చెరిపింది నేను, చెడింది మా బావ.

ఇంటర్వ్యూకి తోడు కూడా వెళ్ళాను. అగ్గిపుల్ల ఇచ్చినవాడు మంట చూడకుండా ఉంటాడా? అక్కడ అందరూ పెద్ద దీదీ అని పిలిచే బెంగాలీ ఆవిడ, కళ్ళజోడు సర్దుకుంటూ రెజ్యూమె చదివి, బావను అన్నయ్యా అన్నట్టు దాదా అని పిలిచి, హిందీలో అడిగింది.

"దాదా, లిక్విడ్ డిస్ట్రిబ్యూషన్ అంటే ఏమిటి? సారా దుకాణమా?"

బావ నా వైపు చూశాడు. "తెలీదు దీదీ. మా బావమరిది రాశాడు."

"మాకు మేనేజర్లు వద్దు. రోగి పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆ పని మీ కాగితంలో ఎక్కడా లేదే?"

బావ నోరు తెరిచాడు. ఆ నోటిని మాట్లాడనిచ్చి ఉంటే నేను ఇది రాసేవాణ్ణే కాదు. నేను లేచాను.

"ఉండేదండీ. నేనే తీసేశాను. చనిపోయేవాళ్ళతో 'మీ అమ్మ వస్తోంది' అని అబద్ధమాడడం అర్హత కాదు."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఇక్కడ మేం రోజూ చెప్పేది అదే."

మీరైతే ఏం చేసేవారు? నోరు మూసుకునేవారు. నేను, "అయితే ఇక్కడ రోజూ జరిగేది మోసం!" అన్నాను. అని, అలవాటు కొద్దీ చప్పట్ల కోసం ఆగాను.

ఫైలు మూసిన చప్పుడు వచ్చింది.

"దాదా, మీరు మంచివారని తెలుస్తూనే ఉంది. కానీ మీ మాట కూడా ఈయనే మాట్లాడుతున్నాడు. కబురు చేస్తాం" అంది ఆవిడ.

కబురు రాలేదు.

తిరుగు బస్సులో బావ కిటికీలోంచి చూస్తూ, "పోన్లేరా. నీ ఇంగ్లీసు మాత్రం గట్టిది" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఖిదిర్‌పూర్‌లో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర కార్లకు కడ్డీ ఎత్తాడు, దించాడు. తొమ్మిది భాషల్లో ఆ మాట నేర్చిన మనిషికి అక్కడ పనికొచ్చింది ఒక్క సెల్యూటు. నేను కనబడితే నాకూ కొట్టేవాడు: "సలాం, మేనేజరు గారూ!"

అక్క మూడేళ్ళ కిందట పోయింది. కిందటేడు బావ మంచాన పడ్డాడు. ఆసుపత్రివాళ్ళు చేతులెత్తేశాక ఎక్కడికి తీసుకెళ్ళాలో ఆయనే చెప్పాడు. అవును, అక్కడికే. పెద్ద దీదీ నన్ను గుర్తుపట్టింది. ఒక కుర్చీ తెచ్చి మంచం పక్కన వేసింది.

మూడో రోజు మధ్యాహ్నం బావ కళ్ళు మూసుకునే అడిగాడు. "మీ అక్క ఏదిరా?"

నా దగ్గర రుజువుంది. అక్క మరణ ధ్రువపత్రం కోసం లైన్లో నిలబడి తెచ్చింది నేనే. మా బీరువాలోనే ఉంది. ఆఖరి హక్కు గురించి నేను దంచిన ఉపన్యాసమూ గుర్తుంది. బావ చెయ్యి పట్టుకున్నాను.

"వస్తంది బావా. దార్లో ఉంది. బస్సెక్కేసింది."

బావ ఒక కన్ను తెరిచాడు. "నీ పట్టు వొదులుగుందిరా నాస్తికుడా. ఆ మాట సెప్పినప్పుడు సెయ్యి గట్టిగా పట్టుకోవాల."

గట్టిగా పట్టుకున్నాను.

"ఆఁ, ఇలగ. ఇప్పుడు నీకు ఉజ్జోగం ఇచ్చీవొచ్చు."

పొద్దు వాలకముందే వెళ్ళిపోయాడు.

నేను మారిపోయానని సంబరపడకండి. దేవుడి గురించి ఇప్పటికీ రుజువు అడుగుతాను. అక్క ఆ బస్సెక్కిందా లేదా అన్నది మాత్రం అడగను. దేవుడి మీద ఒట్టు వేసే వీలు లేదు కనుక, నా తర్కబుద్ధి మీదే ఒట్టు వేసి చెబుతున్నాను: ఇక ఈ జన్మలో (ఇంకో జన్మ ఉందని నేనెలాగూ ఒప్పుకోను) ఏ మనిషి బతుకులోంచీ ఒక్క వాక్యం కొట్టేయను.

మొన్న నా రెజ్యూమె కూడా రాసుకున్నాను. వచ్చిన భాష ఒకటి. వచ్చిన మాట ఒకటి. అనుభవం ఒక మధ్యాహ్నం. పెద్ద దీదీ చదివి, ఆదివారాలు వచ్చి కూర్చోమంది. నోరు మాత్రం గేటు దగ్గర వదిలి రమ్మంది.