తోమిన సీసాలు

ఊరి మధ్య చిత్తడినేల మీద పరిశోధన చేసే ఆ ల్యాబులో అసిస్టెంటుని అందరూ చాటుగా మరకల మాస్టారు అంటారు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, బురదలో దిగి నీళ్లు పట్టుకొచ్చేది ఆయనే. సీసా మెడ దగ్గర సన్నటి చార కనిపిస్తే పైకప్పు ఎగిరిపోయేలా అరిచేదీ ఆయనే. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, కడిగిన ప్రతి సీసానీ కిటికీ వెలుగుకి పట్టి చూస్తే గాని ఆయన మనసు కుదుటపడదు. "సింకు పక్కన మురికి సీసా కనబడిందో, ఊరుకునేది లేదు!" అన్నది అక్కడ రోజూ వినే మాట.

ఆ ఉదయం తొలివాన నీళ్లు ఇరవై సీసాల్లో తెచ్చాడు. మళ్లీ ఏడాదికి గాని దొరకవవి. సింకు పక్కన పెట్టి, అంటించే చీటీల కోసం పక్కగదికి వెళ్లొచ్చేసరికి కొత్తగా చేరిన రీసెర్చ్ అమ్మాయి చేతులు తుడుచుకుంటోంది. సీసాలు ఇరవైకి ఇరవై బోర్లించి ఉన్నాయి.

"మీ కంట పడకముందే తోమేశాను సార్. మళ్లీ తిడతారని..."

ఆయన చీటీలు సింకు పక్కన పడేశాడు. చెయ్యి అలవాటు కొద్దీ ఒక సీసా తీసి వెలుగుకి పట్టింది. మెడ దగ్గర కూడా మరక లేదు. పదకొండేళ్లలో ఆయన చెప్పినట్టు తోమినవాళ్లు ఒక్కరూ లేరు.

"బాగా తోమావు తల్లీ," అన్నాడు, పళ్లు బిగబట్టి.